బెజవాడ ఎండకి సన్‌స్క్రీన్: ఇంటిల్లిపాదికీ ఏది కొనాలి, ఎంత రాయాలి

50 గ్రాముల సన్‌స్క్రీన్ ట్యూబు ఒకటి తెచ్చి, ఇంట్లో నలుగురూ వాడుతూ, మూడు నెలలైనా అడుగున ఇంకా కాస్త మిగిలే ఉందంటే ఆ ఇంట్లో సన్‌స్క్రీన్ ఎవరూ వాడటం లేదని అర్థం. వాడుతున్నామని అనుకుంటున్నారంతే. ముఖానికీ మెడకూ కలిపి ఒక్కసారికి కావాల్సింది ఒక గ్రాము, ఆపైన కొంచెం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి రాస్తే రోజుకి రెండు గ్రాముల పైమాటే. అంటే ఆ ట్యూబు ఒక్క మనిషికి, అదీ ముఖానికీ మెడకూ మాత్రమే, మూడు వారాలకో కాస్త అటూ ఇటూగానో అయిపోవాలి.

ఈ లెక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఏది కొనాలన్న ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. పన్నెండు వందలు పెట్టి కొని, అయిపోతుందేమోనని శనగగింజంత తీసి ముఖమంతా సర్దుకునే క్రీమ్ కన్నా, మూడొందల యాభై పెట్టి కొని చేతినిండా తీసి రాసుకునేదే మీకు మంచి క్రీమ్. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు మన ఎండ సంగతి

బెజవాడ ఎండ గురించి బెజవాడవాళ్లకి చెప్పక్కర్లేదు, బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు పెట్టలేదు. గుంటూరు దానికేమీ తీసిపోదు. కానీ మనం భయపడేది వేడికి. చర్మాన్ని నల్లబరిచేది, ముడతలు తెచ్చేది, మంగు మచ్చలు పెంచేది ప్రధానంగా వేడి కాదు, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అవి వేడిగా తగలవు, కంటికి కనపడవు. అందుకే డిసెంబరులో చల్లగాలి వీస్తుంటే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగినా మనకేమీ అనిపించదు, కానీ ఆ నెలలో కూడా మిట్టమధ్యాహ్నం మన దగ్గర యూవీ సూచీ 3 కంటే బాగా పైనే ఉంటుంది. 3 దాటితే చర్మాన్ని కాపాడుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి అది 11 దాటిపోతుంది, ఆ పట్టికలో అదే ఆఖరి మెట్టు. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్‌లో ఉష్ణోగ్రత కింద యూవీ అని ఒక అంకె ఉంటుంది చూడండి, అదే ఇది.

ఇంకో సంగతి. విజయవాడ, గుంటూరు 16 డిగ్రీల అక్షాంశానికి కాస్త పైన ఉన్నాయి కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ ఒకసారి. ఆ రోజు పన్నెండు దాటిన కాసేపటికి నిలబెట్టిన కర్రకి నీడే పడదు. మే సంగతి ఎవరూ మర్చిపోరు. ఆగస్టే తేడా కొడుతుంది. మబ్బులు కమ్మి ఉంటాయి, చినుకులు పడుతుంటాయి, ఎండే లేదు కదా అని మొహానికి ఏమీ రాసుకోకుండా తిరుగుతాం. పలచటి మబ్బైతే దానిలోంచి యూవీ 80 శాతం దాకా కిందికి దిగొస్తుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి ఘాట్ల దగ్గర గంటలకొద్దీ నిలబడి, ఆ వారం అద్దంలో చూసుకున్నవాళ్లకి ఈ ముక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

యాప్ చూసే ఓపిక లేకపోతే మీ నీడ చూసుకోండి. నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టు, పొడుగ్గా ఉంటే ఫర్వాలేదు. ఇంతకన్నా తేలికైన కొలత లేదు, పిల్లలకి కూడా ఇదే నేర్పండి, వాళ్లకి ఆటలా ఉంటుంది. ఈ లెక్కన పొద్దున్నే ఆరింటికి కాలవగట్టు మీదో బ్యారేజీ మీదో వాకింగ్‌కి వెళ్లేవాళ్లు, ఎనిమిది లోపు ఇంటికి చేరేట్టయితే, సన్‌స్క్రీన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. అసలు జాగ్రత్త కావాల్సింది పది నుంచి నాలుగు దాకా.

అన్నట్టు, ఒంటిపూట బడుల సంగతి ఎవరూ ఇలా ఆలోచించరు. ఎండలు ముదిరాయనే కదా మార్చి నడుమ నుంచి ఒంటిపూట పెట్టేది, కానీ పన్నెండున్నరకి బడి వదిలితే పిల్లలు ఇంటికి నడిచేది రోజు మొత్తంలో యూవీ అన్నిటికన్నా ఎక్కువుండే వేళలోనే. పొద్దున ఏడింటికి మీరు రాసి పంపిన క్రీమ్ అప్పటికి చెమటకి పోయి ఉంటుంది. ఆ అరగంట నడకకి గొడుగో, వెడల్పు అంచు టోపీయో బ్యాగులో పెట్టడమే సరైన దారి. క్రికెట్ టోపీ పెట్టుకుంటే చెవులూ మెడ వెనకా బయటే ఉంటాయి.

ఇంకోటి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. సన్‌స్క్రీన్ వడదెబ్బని ఆపదు. రాసుకున్నాం కదా అని మే నెల మధ్యాహ్నం రెండింటికి షాపింగ్‌కి బయలుదేరితే చర్మం బాగుండొచ్చు, మనిషి బాగుండకపోవచ్చు. మజ్జిగ, నీళ్లు, నీడ, వీటి పని వీటిదే.

బట్ట ముందు, క్రీమ్ తర్వాత

గుంటూరు చుట్టుపక్కల మిరప కళ్లాల్లో ఎండు మిరపకాయలు ఏరే ఆడవాళ్లని చూసే ఉంటారు. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, తలకీ మెడకీ చుట్టిన తువ్వాలు, కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఎస్‌పీఎఫ్, అంటే సన్‌స్క్రీన్ ఎండని ఎంత ఆపుతుందో ట్యూబు మీద చెప్పే అంకె, ఆ మాట వాళ్లకి ఎవరూ చెప్పలేదు, కానీ చర్మ డాక్టర్లు ముందుగా చెప్పేది వాళ్లు చేస్తున్నదే. బట్టకి రెండు గంటలకోసారి మళ్ళీ రాసే పనిలేదు, చెమటకి కారిపోదు, ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది.

కాబట్టి ముందు ఎంత ఒళ్లు కప్పగలరో కప్పండి, మిగిలినదానికే క్రీమ్. ఖర్చు కూడా ఇక్కడే తగ్గుతుంది. సగం చేతుల చొక్కా వేసుకుంటే రెండు చేతులకీ రాయాలి, ఫుల్ చేతులు వేసుకుంటే అరచేతుల వెనకవైపు రాస్తే చాలు. అయితే ఏ బట్టైనా ఒకటే కాదు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, అవతలి వైపు తెలుస్తుంటే ఎండ కూడా లోపలికి వస్తున్నట్టే. పలచటి తెల్ల కాటన్ ఒంటికి హాయిగా ఉంటుంది కానీ యూవీని అంతగా ఆపదు, తడిస్తే ఇంకా తక్కువ. దగ్గరగా నేసిన బట్ట, కాస్త ముదురు రంగు, వదులుగా కుట్టించింది, ఈ మూడూ కలిస్తే బాగా పనిచేస్తుంది.

స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు మొహానికి చున్నీ చుట్టుకోవడం మంచి అలవాటే, కాకపోతే జార్జెట్ చున్నీ ఒక్క పొర చుడితే దుమ్ము ఆగుతుందేమో కానీ ఎండ ఆగదు. కాటన్‌ది రెండు పొరలు చుట్టండి. చున్నీ ఒరుసుకుని ఒరుసుకుని ముక్కు మీదా బుగ్గల మీదా క్రీమ్ తుడిచిపెట్టుకుపోతుంది కూడా, ఆఫీసుకి వెళ్లాక ఒకసారి మళ్ళీ రాసుకోండి. హ్యాండిల్ పట్టుకునే చేతుల వెనక భాగం అన్నిటికన్నా ఎక్కువ నల్లబడుతుంది, మోచేతి దాకా వచ్చే గ్లౌజులు రోడ్డు పక్కన తక్కువ ధరకే దొరుకుతాయి, క్రీమ్ కన్నా అవే నయం.

మరి కారులో వెళ్లేవాళ్లో? ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది, అది యూవీని చాలావరకు ఆపేస్తుంది. పక్క అద్దాలు మామూలు గాజు. వాటిలోంచి చర్మాన్ని కమిలించే యూవీ-బీ దాదాపు రాదు కానీ, లోతుకి దిగి మచ్చలూ ముడతలూ తెచ్చే యూవీ-ఏ వచ్చేస్తుంది. రోజూ విజయవాడ నుంచి గుంటూరు ఉద్యోగానికి కారు నడుపుకుంటూ వెళ్లేవాళ్లకి కుడి చేయీ కుడి బుగ్గా కాస్త ఎక్కువ నల్లబడితే ఆశ్చర్యం లేదు. బస్సులో కిటికీ సీటుకీ ఇదే వర్తిస్తుంది.

షాపులో ట్యూబు చేతికి తీసుకున్నాక

“అన్నా, సన్‌స్క్రీన్ ఒకటివ్వండి” అంటే, “ఎంతది ఇవ్వనమ్మా, ముప్పయ్యా, యాభయ్యా?” అని అడుగుతారు. ఆ అంకె ఎస్‌పీఎఫ్. అది యూవీ-బీ గురించి మాత్రమే చెప్తుంది. సరిగ్గా రాస్తే ఎస్‌పీఎఫ్ 15 యూవీ-బీని 93 శాతం ఆపుతుంది, 30 ఉన్నది 97, 50 ఉన్నది 98. 30 నుంచి 50కి పెరిగింది ఒక్క శాతం. అంకె పెరిగినట్టు పని పెరగదు, 100 అని రాసి రెట్టింపు ధర పెట్టినవాటి జోలికి పోనక్కర్లేదు. అయినా నేను 50 తీసుకోమనే చెప్తాను, ఎందుకంటే ఈ శాతాలన్నీ ల్యాబులో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా రాసి తేల్చినవి. మనం రాసేది అందులో సగం, కొందరు పావు వంతు. సగం రాస్తే రక్షణ కూడా సగానికి పడిపోతుంది, ఒక్కోసారి అంతకన్నా కిందికి. 50 కొని కాస్త తక్కువ రాసినా గట్టెక్కుతాం, 15 కొని తక్కువ రాస్తే ఏమీ మిగలదు.

ఎస్‌పీఎఫ్ కన్నా మన చర్మాలకి ఇంకా ముఖ్యమైనది యూవీ-ఏ. మనవాళ్లలో ఎర్రగా కమిలిపోవడం తక్కువ, నల్లబడటం, మచ్చలు పడటం ఎక్కువ, అందులో యూవీ-ఏ పాత్ర పెద్దది. దానికోసం పీఏ అన్న గుర్తు పక్కన ప్లస్‌లు లెక్కపెట్టండి. ఇది జపాన్ నుంచి వచ్చిన పద్ధతి, ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి. మూడుకి తగ్గకుండా చూసుకోండి, నాలుగుంటే మరీ మంచిది. విదేశీ ట్యూబుల మీద పీఏ లేకుండా ఒక గుండ్రటి గీతలో యూవీఏ అని ఉంటుంది, అదీ సరైన గుర్తే. బ్రాడ్ స్పెక్ట్రమ్, అంటే యూవీ-ఏ, యూవీ-బీ రెండిటినీ ఆపేది, అని ఉందో లేదో కూడా చూడండి. వీటిలో ఏదీ లేకుండా ఎస్‌పీఎఫ్ ఒక్కటే పెద్దక్షరాల్లో వేసి, కింద తెల్లదనం, మెరుపు అని కబుర్లు రాసినది వెనక్కిచ్చేయండి. సన్‌స్క్రీన్ ఎవర్నీ తెల్లగా చెయ్యదు. ఎండకి ఇంకా నల్లబడకుండా ఆపుతుంది, అంతవరకే దాని పని. ఆ తెల్లబడే పిచ్చి గురించి మాట్లాడితే ఇంకో వ్యాసం అవుతుంది.

మన దేశంలో సన్‌స్క్రీన్‌ని మందుగా కాదు, కాస్మెటిక్‌గా లెక్కేస్తారు. కాబట్టి ట్యూబు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీ లోపు వాడాలో ఉండాలి. ఆన్‌లైన్‌లో సగం ధరకి వస్తుందని కొనే ముందు అమ్మేది ఎవరో చూడండి, సన్‌స్క్రీన్ విషయంలో నకిలీ సరుకు వాడటం అసలు రాసుకోకపోవడం కన్నా ప్రమాదం, రాసుకున్నాం కదా అని ధైర్యంగా ఎండలో నిలబడతాం.

జెల్లా, క్రీమా, జింకా

మన తేమకి, మన చెమటకి పెద్దవాళ్ల ముఖానికి జెల్ రకమే సుఖం. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవాళ్లు రంధ్రాలు మూసెయ్యదని, అంటే నాన్ కామెడోజెనిక్ అని రాసిన జెల్ గానీ పలచటి ఫ్లూయిడ్ గానీ తీసుకోవాలి. పొడి చర్మం వాళ్లకి, పెద్ద వయసు వాళ్లకి క్రీమ్ బాగుంటుంది, వాళ్లు విడిగా మాయిశ్చరైజర్ రాయకపోయినా సరిపోతుంది. స్ప్రేలు నాకు నచ్చవు, ఎంత పడిందో తెలియదు, సగం గాల్లో పోతుంది, పిల్లలు పీల్చేస్తారు.

లోపల ఏముందనే లెక్కలో రెండు రకాలు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి మినరల్ రకం, అవోబెంజోన్ లాంటివి ఉన్నవి కెమికల్ రకం. కెమికల్ అన్న పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు, పెద్దవాళ్లు రెండూ వాడొచ్చు. మినరల్ రకం మంట పుట్టించదు, అందుకే చిన్నపిల్లలకీ, గర్భిణులకీ, ఏది రాసినా దురద పెట్టే చర్మాలకీ అదే చెప్తారు. దానితో ఉన్న ఇబ్బంది ఒక్కటే, మన చామనఛాయ మీద బూడిద పూసినట్టు తెల్లగా కనపడుతుంది. బడికెళ్లే పిల్లాడు ఆ మొహంతో వెళ్తే తోటివాళ్లు ఊరుకుంటారా, మర్నాడు నుంచి రాయించుకోడు. చర్మం రంగు కలిపిన టింటెడ్ రకాలు వస్తున్నాయి, అవి చూడండి.

మంగు మచ్చలున్నవాళ్లు ఈ టింటెడ్ మాట గుర్తుపెట్టుకోవాలి. మన రంగు చర్మంలో యూవీయే కాదు, మామూలు వెలుతురు కూడా మంగుని ముదరబెడుతుంది. ఆ రంగు కోసం కలిపే ఐరన్ ఆక్సైడ్లు ఆ వెలుతురుని కూడా ఆపుతాయి, రంగులేని సన్‌స్క్రీన్లు ఆ పని చెయ్యలేవు. కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చి, ఎన్ని క్రీములు మార్చినా తగ్గట్లేదనేవాళ్లు చాలామంది అసలు సన్‌స్క్రీనే సరిగ్గా రాయరు. పొయ్యి సెగ కూడా మంగుకి మంచిది కాదంటారు డాక్టర్లు, వంట మొత్తం ఒకరి మీదే పడే ఇళ్లలో ఆ మాట కాస్త మగవాళ్లకి కూడా వినిపించండి.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. మందుల షాపుకి వెళ్లి “మచ్చలకి ఏదైనా క్రీమ్ ఇవ్వండి” అని అడగొద్దు. అలా అడిగినవాళ్లకి స్టెరాయిడ్ కలిసిన క్రీములు చేతికొస్తుంటాయి. పది రోజులు మొహం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండలోకి వెళ్తే చాలు మండుతుంది. డాక్టరు చీటీ లేకుండా అవి ముట్టుకోవద్దు.

ఏ కొత్త ట్యూబైనా మొదట ముంజేతి లోపలి వైపో చెవి వెనకో కొంచెం రాసి ఒకట్రెండు రోజులు చూడండి. దద్దుర్లు రాకపోతే ముఖానికి వాడండి.

రాయడం

చూపుడు వేలూ, మధ్య వేలూ పక్కపక్కన పెట్టి, మొదటి నుంచి చివరిదాకా రెండు గీతలుగా ట్యూబు నొక్కండి. అది ముఖానికీ మెడకీ కలిపి ఒకసారికి. ఒక్కో చేతికి భుజం దాకా మళ్ళీ రెండేసి వేళ్లు. మొదటిసారి చూస్తే ఇంతా అనిపిస్తుంది. ఒకేసారి పట్టదు, సగం రాసి రెండు నిమిషాలు ఆగి మిగతా సగం రాయండి. గోడకి సున్నం ఒక్క చెయ్యి వేసి వదిలేస్తే ఎలా మచ్చలు మచ్చలుగా ఉంటుందో ఇదీ అంతే, రెండో చెయ్యి పడాలి. ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ ఉంది కదా అనేవాళ్లకి కూడా ఇదే జవాబు, ఆ లెక్కలో ఫౌండేషన్ ఎవరూ రాయరు.

స్నానం, కావాలంటే మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్, ఆపైన మేకప్. గుమ్మం దాటటానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు రాయాలి, ఆరడానికి ఆ టైము కావాలి. పసుపు రాసుకునే అలవాటున్నవాళ్లు స్నానంలోనే రాసి కడిగేసుకుని తర్వాత ఇది రాయండి, పసుపు ఎండని ఆపుతుందన్న నమ్మకంతో మాత్రం ఉండొద్దు.

అందరూ వదిలేసే చోట్లు: చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం, పాపిట, పెదవులు. పెదవులకి ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ దొరుకుతుంది. బట్టతల ఉన్న బాబాయిలు తలకి కూడా రాయాలి, లేదంటే టోపీ. చెప్పుల పట్టీలు అచ్చు పడిన పాదాలు చూస్తే తెలుస్తుంది మనం ఎక్కడ మర్చిపోతున్నామో.

రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలన్న మాట ఎండలో ఉన్నవాళ్లకి. పొద్దున ఆఫీసులోకి వెళ్లి సాయంత్రం ఆరింటికి బయటికొచ్చేవాళ్లు, కిటికీ పక్కన కూర్చోకపోతే, రెండు గంటలకోసారి అలారం పెట్టుకోనక్కర్లేదు. లంచ్‌కి బయటికి వెళ్లే ముందు ఒకసారి చాలు. అదే వన్‌టౌన్‌లో సరుకు దించే కుర్రాడు, డెలివరీ బండి నడిపేవాడు, ట్రాఫిక్ కానిస్టేబుల్, వీళ్లకి చెమటలో ఏ క్రీమూ రెండు గంటలు నిలవదు. వాళ్లకి నేను ముందు ఫుల్ చేతులే చెప్తాను, హెల్మెట్ వైజర్ దింపుకోమంటాను, మిగిలిన చోటికి నీటికి తట్టుకునే రకం, అంటే వాటర్ రెసిస్టెంట్ అని రాసినది. అది కూడా 40 నిమిషాలో 80 నిమిషాలో అని ట్యూబు మీదే ఉంటుంది. తువ్వాలుతో తుడుచుకుంటే అది కూడా పోయినట్టే, అద్దుకోవాలి గానీ రుద్దకూడదు. చెమటకి కళ్లలోకి దిగి మండుతుందనేవాళ్లు నుదుటికీ కళ్ల చుట్టూ మాత్రం జింక్ ఉన్నది గానీ కర్రలా గట్టిగా ఉండే స్టిక్ గానీ వాడి చూడండి, చాలావరకు తగ్గుతుంది.

రాత్రి ఇంటికొచ్చాక మామూలు ఫేస్‌వాష్‌తో కడుక్కోండి. వాటర్ రెసిస్టెంట్ రకం ఒక్క కడుగుకి వదలదు, రెండుసార్లు కడగాలి. కడగకుండా పడుకుని మొటిమలొచ్చాయని సన్‌స్క్రీన్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ.

పసిపిల్లలు, పెద్దవాళ్లు

ఆరు నెలల లోపు పసికందుకి సన్‌స్క్రీన్ వద్దు. నీడే వాళ్లకి రక్షణ, పలచటి బట్ట కప్పాలి, గొడుగు పట్టాలి. నానమ్మలు నూనె మర్దనా చేసి పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెడతారు. ఎండ ముదరకముందు కాసేపు అయితే గొడవ పడక్కర్లేదు, కానీ తొమ్మిదిన్నరకి డాబా మీద పడుకోబెడితే మాత్రం “అత్తయ్యా, ఎండ ఎక్కిందండీ, లోపలికి తెచ్చేద్దాం” అనాల్సిందే. ఆ నూనె ఎండని ఆపదు. డి విటమిన్ కోసమే ఆ ఎండ అంటారు గానీ, దానికి కావాల్సిన యూవీ-బీ పొద్దుపొద్దున్నే చాలా తక్కువ. బిడ్డకి డి విటమిన్ చుక్కలు పిల్లల డాక్టరు రాసిస్తారు, వాటితో సరిపోతుంది. పెద్దవాళ్లకి కూడా, సన్‌స్క్రీన్ వల్ల డి విటమిన్ పడిపోతుందన్న భయం అక్కర్లేదు, మామూలుగా జనం రాసుకునే పద్ధతిలో అలా జరగదని తేలింది. తగ్గిందని అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకుని మాత్ర వేసుకోవడమే, దానికోసం మొహం మాడ్చుకోవడం దేనికి.

ఆరు నెలలు దాటిన పిల్లలకి జింక్ రకం రాయొచ్చు. చెమటకాయలు పేలిన చోట దట్టమైన క్రీమ్ రాయకండి, అక్కడ వదులు కాటన్ బట్టే మందు. పిల్లలు కదలకుండా కూర్చోరు కాబట్టి నుదురు, ముక్కు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి, వాళ్ల చేతే సర్దించుకోమనండి, మీరు చెవులూ మెడా చూసుకోండి.

తాతయ్యల సంగతి ఎవరికీ పట్టదు. బీపీకి వాడే మాత్రల్లో హైడ్రోక్లోరోథయాజైడ్ అని ఒకటుంది, అది వేసుకునేవాళ్ల చర్మం ఎండకి తొందరగా దెబ్బతింటుంది. మొటిమలకీ ఇన్‌ఫెక్షన్లకీ ఇచ్చే డాక్సీసైక్లిన్, మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ కూడా అంతే. మాత్ర మానెయ్యమని కాదు, వాళ్లకి సన్‌స్క్రీన్, గొడుగు మిగతావాళ్ల కన్నా ఎక్కువ అవసరమని. కళ్లకి యూవీ 400 అని రాసిన చలవ కళ్లద్దాలు కూడా తీసిపెట్టండి, శుక్లాలకి ఎండ కూడా ఒక కారణం.

చెయ్యకూడనివి కొన్ని

నిమ్మకాయ. ట్యాన్ పోతుందని మొహానికి నిమ్మరసం రుద్దుకుని బయటికెళ్లడం ఎవరు మొదలుపెట్టారో గానీ, నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చేస్తాయి. బొబ్బలు లేస్తాయి, అవి మానాక ముదురు మచ్చలు నెలల తరబడి ఉంటాయి. నిమ్మకాయ షర్బత్‌లోకి బాగుంటుంది, మొహానికి కాదు. కొబ్బరినూనె, కలబంద గుజ్జు, జింక్ పొడి కొనుక్కొచ్చి ఇంట్లో కలుపుకునే సన్‌స్క్రీన్, ఇవన్నీ కూడా వీడియోల వరకే.

ట్యూబుని స్కూటీ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యకండి. మే నెలలో ఎండలో ఆపిన బండి డిక్కీ తీస్తే చెయ్యి పెట్టలేం, ఆ వేడికి క్రీమ్ విరిగిపోయి, పనిచెయ్యడం మానేస్తుంది. నొక్కితే నీళ్లూ ముద్దా విడివిడిగా వచ్చినా, రంగూ వాసనా మారినా పారెయ్యండి. హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న ట్యూబు, ఇంట్లో అద్దం దగ్గర పెద్దది, ఇలా పెట్టుకుంటే సరి. మూత తీసిన ట్యూబు ఎన్ని నెలల్లో వాడెయ్యాలో ఒక చిన్న డబ్బా బొమ్మలో 12ఎం, 6ఎం అని ఉంటుంది. మొదట్లో చెప్పిన లెక్కలో రాస్తే ఆ గడువు దాకా అది మిగలదు లెండి.

సూర్యలంక వెళ్తుంటే

బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి ఆదివారం పొద్దున్నే వ్యాన్ మాట్లాడుకుని వెళ్లడం మన రెండు ఊళ్లకీ అలవాటే. అక్కడ ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా కొడుతుంది, పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా యూవీని తిప్పి కొడతాయి. గొడుగు కింద కూర్చున్నా మొహం నల్లబడేది అందుకే. భవానీ ద్వీపానికి పడవలో వెళ్లేటప్పుడు కూడా నీళ్ల మీద నీడ ఉండదు, పడవలో గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలియదు. నీళ్లలో ఆడే పిల్లలకి టీషర్టు తియ్యనివ్వకండి, ముదురు రంగుది వెయ్యండి, వాటర్ రెసిస్టెంట్ క్రీమ్ ఇంట్లోనే రాసి తీసుకెళ్లండి, నీళ్లలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయండి. ఒక కుటుంబానికి ఆ ఒక్కరోజుకే ఒక ట్యూబు ఖాళీ అయితే సరిగ్గా వాడినట్టు. ఎనిమిదింటికల్లా నీళ్లలో దిగి, పదిన్నరకి బయటికొచ్చి, చేపల వేపుడు తిని, మళ్ళీ నాలుగు దాటాక దిగండి.

ఇంత చేసినా ఎక్కడో కమిలితే చల్లటి నీళ్లు, తడిగుడ్డ పెట్టండి, ఐసుగడ్డ నేరుగా పెట్టొద్దు. తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, నీళ్లు ఎక్కువ తాగించండి. బొబ్బలు లేస్తే చిదమొద్దు, వాటి మీద టూత్‌పేస్టూ పసుపూ పెట్టొద్దు. కమిలిన చోటు మానేదాకా ఎండ తగలకుండా బట్ట కప్పాలి. ఏడాది లోపు బిడ్డకి కమిలినా, ఎవరికైనా జ్వరమో వాంతులో వచ్చినా, బొబ్బలు ఎక్కువ చోట్ల లేచినా ఇంట్లో వైద్యం వద్దు, ఆ రోజే డాక్టరుకి చూపించండి.